ఛాయాచిత్రమునకు అందని పేర్లు

(మన సంఘపు వారపు కూటమిలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ గోడలపై వరుసగా తగిలించిన పటములు 48. కోయంబత్తూరు, సూలూరు ప్రాంతములందును, ఉడుమలపేట వైపునను, మధురకు నైరృతిగా నున్న తిరుమంగలము రేగడి భూములలోను మేము నలుగురము మూడేండ్లుగా సెలవు దినములందు తిరిగి తీసినవి. చూడవచ్చిన వారికి వీనిని గూర్చి రెండు మాటలు చెప్పవలెనని కార్యవర్గమువారు కోరిరి. మా చేత కెమెరా పట్టించుట సులభము, మాటలాడించుట కష్టము. అయినను ఈ పని చేయుచుండగా మావలన ఒక తప్పు జరిగినది. దానిని మీ యెదుట చెప్పుకొనవలెనను కోరికచేత ఒప్పుకొంటిమి.

మొదటి సంవత్సరము మేము తీసిన పటముల క్రింద "గ్రామ దృశ్యము", "సంధ్యా సమయము", "పల్లె బాట" అని వ్రాసితిమి. అట్టి పేర్లు పెట్టుట ఛాయాచిత్రకారులలో ఆచారము. సూలూరు వైపున మా బంధువుల యింట ఆ పటములలో ఒకటి చూపగా, ఆ యింటి అవ్వ కండ్లజోడు సరిచేసికొని చాలసేపు చూచెను. "గ్రామ దృశ్యమేందిరా నాయనా! ఇది కానుగబావి కదా! అదిగో, ఎద్దులు వెనక్కి నడిచిన దారి. ఆ పైన కనబడేది గుండ్లచేను. మా అత్త ఈ యింటికి వచ్చిన యేడు ఆ చేను కొన్నారు" అనెను.

ఆ దారిని మేము వట్టి మట్టిదిబ్బ అనుకొంటిమి. అది అడ్డము లేకున్నచో పటము ఇంకను అందముగా వచ్చియుండునని ఆ దినమున మాలో ఒకరు విసుగుకొనిరి కూడ. నిజమునకు ఆ దిబ్బయే ఆ పటమునకు ప్రాణము. కపిలతో నీరు తోడు కాలమున బావి యొడ్డునుండి పల్లమునకు ఏటవాలుగా త్రవ్విన దారి అది. ఎద్దులు పల్లమునకు నడిచినప్పుడు తోలుబొక్కెన పైకి వచ్చి నీరు కాలువలో కుమ్మరించును. అవి వెనుకకు అడుగులు వేయుచు గట్టెక్కినప్పుడు బొక్కెన మరల బావిలోనికి దిగును. తెల్లవారుజామునుండి ప్రొద్దెక్కువరకు అదే నడక. ఎన్ని తరముల ఎద్దులు నడిచిన దారియో, నేడు తుమ్మ మొలచి ఒక దిబ్బవలె నున్నది. అవ్వ చెప్పకున్నచో మాకు తెలియదు. పటములో అన్నియు ఉండెను. చూచు కన్ను మాత్రము మాకు లేకపోయెను.

ఇంగ్లండు దేశమున హాస్కిన్సు అను చరిత్రకారుడు 1955లో ఒక గ్రంథము ప్రచురించెను. ఒక దేశపు కంచెలు, బాటలు, పొలముల గట్లు ఎట్లు ఏర్పడినవో చదువ నేర్చినచో, అంతకు మించిన చరిత్ర పత్రము లేదని దాని సారాంశము. ఆ గ్రంథము వెలువడిన పిదప పెక్కుమంది అక్కడ తమ యూరి గట్లను కొత్త కంటితో చూడసాగిరి. మన ప్రాంతమునకు అట్టి పని చేసినవారు తక్కువ. చేయదగిన పని మాత్రము కొల్లలు.

మధుర సీమను తొలి దినములలో కెమెరాతో చూచినవారిలో ముఖ్యుడు లినెయస్ ట్రైప్ అను మద్రాసు సైన్యపు కెప్టెను. ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమితుడై ఆయన మధురకు వచ్చి తీసిన పటములు 1858లో వెలువడినవి. నాడు ఫిలిము లేదు. మైనము పట్టించిన కాగితమును వెండి లవణములతో సిద్ధపరచి, దానిపై బింబమును పట్టవలసి యుండెను. వెలుతురు చాలసేపు సోకవలెను. అంతసేపును ఆకు కదలరాదు. గాలి వీచినచో చెట్టంతయు పటమున మసకయై పోవును. ఆ కాగితము నీలికాంతికే యెక్కువ లోబడును గనుక ఆకాశము వట్టి తెలుపుగా వచ్చును. మబ్బు పడదు. ట్రైప్ నెగటివు మీదనే కుంచెతో రంగు వేసి ఆకులను, మబ్బులను సరిదిద్దెడివాడు. కెమెరా అబద్ధమాడదని మనము గట్టిగా నమ్ముదుము గాని, మన సీమ మీది మబ్బులలో కొన్ని ఆ దొర కుంచెనుండి పుట్టినవే కావచ్చును.

ఆయన పటములలో తిరుమలనాయకుని మహలు శిథిలమై యున్నది. 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగానున్న నేపియరు ప్రభువు కాలమున దానికి మరమ్మతులు జరిగినవి. వండియూరు తెప్పకుళమును కూడ ట్రైప్ తీసెను. మహలు కట్టుటకు కావలసిన ఇటుకల మట్టిని ఆ చోటనే త్రవ్వగా ఏర్పడిన గుంటయే పిదప తెప్పకుళమైనదని మధురలో చెప్పుదురు. ఆ మాట నిజమైనచో ఆ రెండు పటములు నిజమునకు ఒక్క పటమే: ఒకచోట తగ్గిన మట్టి మరియొకచోట నిలుచున్నది. మధుర కోట గోడలను కూలద్రోయించి కందకమును పూడ్పించిన కలెక్టరు బ్లాక్‌బర్నునకు ఊరివారు నిలిపిన దీపస్తంభమును కూడ ఆయన విడువలేదు. ఆ కోటకు 72 బురుజులుండెననియు, ఒక్కొక్క బురుజు కాపు ఒక్కొక్క పాళెగానికి అప్పగింపబడెననియు ప్రతీతి. బురుజులు పోయినవి, స్తంభము మిగిలినది.

కాని ఆ మహలుకు, ఆ కోటకు పన్ను మోసిన చేలు ఆయన పటములలో లేవు. ఆయనకు అప్పగించిన పని కట్టడములను తీయుట, ఆయనను నిందింపరాదు. నూటయరువది యేండ్లు దాటిన పిదప మనమును మధురకు పోయి మహలు ముందర నిలుచుండి పటము తీసికొని తిరిగి వచ్చుచున్నాము. విజయరంగ చొక్కనాథుని కాలమున (1706–1732) మధుర ఆస్థానమున తెలుగు వచనము వర్ధిల్లెను. సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమిని భారతమును వచనముగా వ్రాసెను. ఆస్థానము వారి మాటలు తాటాకుల కెక్కి, పిదప అచ్చుకెక్కినవి. అదే కాలమున అదే భాషలో పొలములకు పేర్లు పెట్టినవారి మాటలు ఏ ఆకు మీదను ఎక్కలేదు. అవి నోటినుండి నోటికి నేటివరకు వచ్చినవి. ఇక ముందు వచ్చునా అనునదియే మా దిగులు.

రేగడి నేలను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. తమిళులు దానిని కరిసల్ అందురు. భూగోళ గ్రంథములలో కనబడు 'రెగర్' అను మాట మన రేగడియే. ఆంగ్లేయులు తెలుగువారి నోట విని వ్రాసికొన్నది. ఈ నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. కొన్ని చోట్ల మోచేతివరకు చేయి దూరును. వాన పడగానే ఉబ్బి, నెఱ్ఱెలు మూసికొని, బంకయై బండిచక్రమును కదలనీయదు. ఎండినచో రాయి, తడిసినచో జిగురు. దున్నుటకు పదునైన దినములు ఏటికి కొద్దియే. కాని ఒకసారి త్రాగిన నీటిని చాలకాలము కడుపులో దాచుకొనును. బావి లేకయే ప్రత్తి, జొన్న, సజ్జ పండించును. ఇట్టి నేలను లొంగదీయుటకు బలమైన ఎడ్లు, బరువైన నాగలి, కూడి పనిచేయు జనము కావలెను. వైగై, తామ్రపర్ణి ఒడ్డులనున్న మాగాణులు అంతకు చాలకాలము క్రిందటనే ఒకరి చేతిలో నుండెను. తమ దేశమున రేగడి నెరిగిన తెలుగు కాపులు ఇక్కడను అదే మట్టిని ఎంచుకొని, జనము పలుచగానున్న మెట్టలలో ఊళ్లు కట్టిరని చరిత్రకారులు చెప్పుదురు. తిరుమంగలమునుండి విరుదునగరు, సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టివరకు ఈ నల్లనేల వెంట నడచినచో, ఊరి తరువాత ఊర తెలుగు వినబడుట కాకతాళీయము కాదు.

ఈ నేలను పటము తీయుట ఒక చిక్కు. కెమెరాలోని వెలుతురు కొలుచు సాధనము తాను చూచునదంతయు నడితరపు బూడిదరంగని తలచి లెక్క కట్టును. దాని మాట నమ్మినచో నల్లరేగడి బూడిదవలె వెలవెలబోవును. మొదట తీసిన పదిపండ్రెండు పటములు మావి అట్లే పోయినవి. అది చెప్పినదానికంటె ఒకటి రెండు మెట్లు వెలుతురు తగ్గించినచో నలుపు నలుపుగా వచ్చును. ఎండ నడినెత్తి నుండగా నెఱ్ఱెలు కనబడవు; ప్రొద్దువాలి నీడ ప్రక్కనుండి పడినప్పుడే కనబడును. ఆ గోడమీద కుడిప్రక్క మూడవ పటము చిత్తిర మాసపు సాయంకాలము తీసినది. దాని ముందు నిలిచి ఒక పెద్దమనిషి ఇంతకుముందు "ఏమున్నది ఇందులో, బీడు కదా" అనిరి. బీడు కాదు. అది పంట కోసిన చేను, వానకొరకు నోరు తెరచియున్నది.

మన పెద్దలు ఎప్పుడు వచ్చిరను ప్రశ్నకు ఒక్క తేది చెప్పుటకు వీలులేదు. విజయనగర రాజకుమారుడు కంపరాయలు 14వ శతాబ్దమున మధుర సుల్తానుల పాలన నంతమొందించెను. విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మధుర నేలసాగెను. ఆయనయు, మంత్రి అరియనాథ మొదలియారును పాళెములను ఏర్పరచిరి. ఈ రెండు ఘట్టములకు నడుమను, వాని తరువాతను, అలలు అలలుగా జనము వచ్చెను. కంబళత్తు నాయకులలో ఒక కథ యున్నది. శత్రువులు తరుముచుండగా ఒక నది అడ్డుపడెననియు, గట్టుననున్న కానుగచెట్లు వంగి వంతెనవలె నిలిచి వారిని దాటించెననియు చెప్పుదురు. అందుచేతనే కానుగ వారికి పూజ్యము. ఆ నది ఏదో, ఆ సంవత్సరమేదో తేల్చుట మా పని కాదు. కాని అవ్వ చెప్పిన కానుగబావి గట్టునను ఒక కానుగ యుండెను. మేము దానిని పటములో సగము కోసివేసితిమి. రెండవసారి పోయి చెట్టు నిండుగా కనబడునట్లు తీసితిమి.

ఇక్కడ ఒక మాట మనలో మనము అనుకొనవలసినది. మన చరిత్ర చెప్పునప్పుడు నాయకరాజులతో మొదలుపెట్టి, పాళెగాండ్ర మీదుగా వచ్చి, భూమిగల కాపులతో ముగించుట మనకు అలవాటు. మా పటములును అట్లే సాగినవి. కపిలబావిని తీసితిమి, బావి సొంతదారుని అడిగితిమి. ఆ తోలుబొక్కెన కుట్టినది ఎవరు? దానికి నూనె పట్టించి, చినిగినప్పుడు మాటువేసి, ఏడాదికొకసారి కళ్లములో ధాన్యము పుచ్చుకొని పోయినది ఎవరు? అరుంధతీయులు. పశ్చిమ జిల్లాలలో వారిలో చాలమంది యింటిభాష నేటికిని తెలుగే. కరెంటు మోటారు వచ్చిన నాడు కాపునకు ఎడ్ల తిండి మిగిలినది, వారికి పని పోయినది. ఈ 48 పటములలో వారి వాడలో తీసినవి రెండే. ఇది మా తప్పులలో మొదటిది. చెప్పుకొనుటకు వచ్చిన తప్పు మరియొకటి యున్నది, దానిని పిదప చెప్పెదము.

కోయంబత్తూరు నేల తీరు వేరు. పాలఘాటు కనుమగుండా గాలి మెండుగా వీచునే గాని వానలో పెద్ద పాలు కొండల కావలనే కురిసిపోవును. నొయ్యల్ చిన్న నది. దాని నీటితో నిండు చెరువులు ప్రాచీనములు. అవి అందని చోటులకు బావియే దిక్కు. రాతిని తొలిచి దింపిన వెడల్పాటి బావులు ఈ సీమ గుర్తు. 20వ శతాబ్దపు మొదటి దశకమున కంబోడియా ప్రత్తి వచ్చెను. అది రేగడి ప్రత్తివలె వానకు ఎదురుచూచునది కాదు, బావినీటితో తోటలలో పండునది. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలయ్యెను. ప్రత్తియు, కరెంటును కలిసికొన్నచోట మిల్లులు లేచినవి. పీలమేడు ఒకనాడు చేలనడుమనున్న పల్లె. మన వారి మిల్లులు, విద్యాలయములు ఆ చేలమీదనే వెలసినవి. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు మోటారులు, యంత్రములు చేసినవారని అందరెరుగుదురు. ఆయనకు కెమెరాయన్నను మిక్కిలి మక్కువ. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయముగా చలనచిత్రము తీసిరి. మన సీమవాడొకడు చక్రవర్తి ఊరేగింపును పట్టుకొనివచ్చెనని చెప్పుకొనుట గర్వకారణమే. అదే సమయమున కోయంబత్తూరు తోటలలో కపిలదారులు ఒకటొకటిగా ఆగిపోవుచుండెను. ఆ ఊరేగింపును తీసినవారు ఎందరో యుండిరి.

ఒక పటము ఏ కాలమునాటిదో చెప్పుటకు కొన్ని ఆనవాళ్లు మేము నేర్చుకొంటిమి. మీ యిండ్లలోని పాత పటములకు ఇవి పనికివచ్చును. సర్కారు తుమ్మ 19వ శతాబ్దపు చివరి భాగమున మన దేశమునకు తెచ్చిన చెట్టు. మధుర, రామనాథపురము వైపున అది గుంపులుగా కమ్ముకొని కనబడినచో పటము మరీ పాతది కాదు. కరెంటు స్తంభము పొలము నడుమ నున్నచో 1930ల తరువాతది. తాళ్లవరుస గట్టున నుండి కొబ్బరి లేనిచో పాతది కావచ్చును. తోటనిండ కొబ్బరియే యున్నచో కూలీల కొరతయు, లోతు బోరును వచ్చిన తరువాతిది. ఉడుమలపేట, పల్లడము వైపున ఆకాశమున గాలిమరలు తిరుగుచున్నచో అది 1990ల కీవలిది. తెల్లసున్నము పూసిన చిన్న రాళ్లు వరుసగా పాతియున్నచో అడుగనే అక్కరలేదు. అది ఇక పొలము కాదు, ఇండ్లస్థలములు. ఈ పటములలో అట్టివి ఆరు. వానిలో ఒకటి గుండ్లచేను.

పేర్ల విషయమునకు వత్తుము. మేట్టుపాళయము బాటలో పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం అను ఊళ్ల పలకలను మీరందరును చూచియుందురు. పాళెమను మాట మన చెవికి వెంటనే తగులును. అంతమాత్రమున పాళయమనిన ప్రతి యూరును మనదే యనుకొనుట పొరపాటు. ఆ మాట అందరిదిగా మారి చాలకాలమైనది. ఊరి పేరు పలకమీద నిలుచును, ప్రభుత్వ పటములో నిలుచును. పొలము పేరునకు ఆ భాగ్యము లేదు. ఉడుమలపేటకు దక్షిణమున తిరుమూర్తి కొండల వైపున తళి యున్నది. అచ్చటి పాళెగాడు ఎత్తలప్పనాయకుడు 1800–1801 నాటి పాళెగాండ్ర పోరులో చేరినవాడు. ఆ ప్రాంతమున ఒక తోటను స్థానికులు తూక్కుమరత్తోట్టం అందురు, అనగా ఉరిమాను తోట. మా పటమున చూచినచో చెట్లు, గట్టు, ఆకాశము. అంతకంటె ఏమియు లేదు. పేరు చెప్పినతోడనే ఆ పటము ముందు నిలిచినవారు మాటలాడుట మానుదురు. ఆ పేరు తమిళమున నిలిచినది. అది నిలిచినందుకు మాకు సంతోషమే.

1953 అక్టోబరు 1వ తేదిన ఆంధ్ర రాష్ట్రము వేరుపడినప్పుడు మనము ఉన్నచోటనే ఉంటిమి. ఉండవలసినదియు ఇక్కడనే, ఈ మట్టి మనది. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఈ రాష్ట్రమున 2006లో వచ్చిన చట్టము తమిళమును బడులలో తప్పనిసరి పాఠముగా చేసెను. తమిళము నేర్చుటకు మనలో ఎవరికిని అభ్యంతరము లేదు. మనము నాలుగైదు వందల యేండ్లుగా నేర్చిన వారమే. మన ఊళ్ల కథను అందరికంటె బాగుగా చెప్పిన కి. రాజనారాయణన్ గారు కోవిల్‌పట్టి చెంత ఇడైచెవల్‌లో తెలుగు మాటలాడు ఇంట పుట్టి, తమిళమున వ్రాసిరి. తెలుగువారు వలస వచ్చి రేగడిలో ఊరు కట్టుకొనిన తీరును 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా వెలయించిరి. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. వారికి మనము ఋణపడియున్నాము. అయితే మన కథ చదువుటకు మన పిల్లలకు తమిళ లిపి చాలును, తెలుగు లిపి అక్కరలేదనుట తలచుకొనినచో మనసు కొంచెము చివుక్కుమనును. ఇంట తెలుగు మాటలాడి, తెలుగు అక్షరము నెరుగని తరము నేడు తల్లిదండ్రుల స్థానమునకు వచ్చినది. అందుచేత పేర్లు వ్రాయునప్పుడు మేము లిపిని గూర్చి పట్టుదల పెట్టుకొనలేదు. తెలుగున వ్రాయగలవారు తెలుగున, లేనివారు తమిళ లిపిలో. పలికిన పలుకు మాత్రము మారరాదు. "కానగబావి" అని అవ్వ పలికినచో కానగయే. మేము మర్యాదకొరకు కానుగ అని దిద్దుట ఆమెకు నచ్చలేదు.

ఇక మా తప్పు. తిరుమంగలమునకు పడమరగా నున్న ఒక యూర, ఎనుబది దాటిన తాతగారొకరు మాకు ఒక పగలంతయు చేలు చూపించిరి. కఱ్ఱ ఊతతో ముందు నడచుచు ప్రతి గట్టు దగ్గరను ఆగి పేరు చెప్పిరి. ఏ చేనిలో ఎవరికి పాము కరచినది, ఏ కయ్య పంపకములో ఎవరికి పోయినది, ఏ గుట్టమీద కరువేట గంజి కాచి పోసిరి, అన్నియు చెప్పిరి. మేము 61 పటములు తీసితిమి. వ్రాసికొనలేదు. నేటి కెమెరా తేదిని, గడియను, తీసిన చోటి అక్షాంశ రేఖాంశములను సహితము తనంతట తానే గుర్తుంచుకొనును గనుక, తీరికగా కూర్చుండి వ్రాయవచ్చుననుకొంటిమి. రాత్రి బస్సులో నిద్రపోతిమి. మరునాడు నలుగురము కూర్చుంటే నలుగురికి కలిపి ఏడు పేర్లు జ్ఞాపకమునకు వచ్చినవి. వానిలో రెండింటిని గూర్చి తగవుపడితిమి.

నాలుగు నెలలకు పటములన్నియు అచ్చువేయించి తీసికొని మరల ఆ యూరు పోతిమి. తాతగారు మంచమున నుండిరి. పక్షవాతమున మాట పడిపోయినది. కోడలుగారు మాకు మజ్జిగ యిచ్చి, దిండు వెనుక పెట్టి ఆయనను కూర్చుండబెట్టిరి. పటములు ఒకటొకటిగా చూపితిమి. ప్రతిదానిని చూచిరి, పెదవులు కదలించిరి, మాట రాలేదు. కోడలుగారిని అడిగితిమి. "నాకు చేను దారి తెలుసన్నా. పేర్లంతా మామకే. మేము నంబరు చెప్పే పట్టా రాసుకుంటాము" అనిరి. మనుమడు పటములను తన ఫోనులోని పటముతో సరిచూచి, సర్వే నంబరులు గుక్కతిప్పుకొనకుండ చెప్పెను. ఒక్క పేరు చెప్పలేకపోయెను. అతని తప్పేమున్నది? నంబరుతోనే అమ్మవచ్చును, కొనవచ్చును, అప్పు తేవచ్చును.

తాతగారు ఒక పటమును మాత్రము మాకు తిరిగి యీయలేదు. మంచి చేతితో గట్టిగా పట్టుకొని, పిదప దిండుక్రింద పెట్టుకొనిరి. అందులో ఏమియు లేదు. ఒక గట్టు, ఒక వేప, దాని నీడలో నిలువుగా పాతిన రెండు రాళ్లు. ఆ దినమున దాని దగ్గర ఆయన అందరికంటె ఎక్కువసేపు మాటలాడినట్లు మా నలుగురికిని గుర్తున్నది. ఏమి చెప్పిరో ఒక్కరికిని గుర్తులేదు.

అప్పటినుండి మేము పటము తీయుటకు ముందే వ్రాయుచున్నాము. పేరు, పలికినట్లు; చెప్పినవారెవరు, వారి వయస్సు; ఏ దిక్కునుండి చూచినది; తేది. ఇది ముగిసిన తరువాతనే కెమెరా మూత తీయుట. పని మెల్లగా సాగును. ఒక దినమున ఎనిమిది పటములకు మించవు. మాలో పడుచువాడు దీనికి గొణుగుచున్నాడు, గొణుగనిండు.

మీ యిండ్లలో పెండ్లి పటముల వెనుక, పొంగలినాడు ఎద్దుల ముందు నిలిచి తీయించుకొనిన పటముల వెనుక, చేలు, బావులు, కళ్లములు ఉండును. మనుషులను చూచి ప్రక్కన పెట్టిన పటములే అవి. వచ్చే ఆదివారము వానిని తెచ్చినచో ఇచ్చటనే నకలు తీసి వెంటనే తిరిగి యిచ్చెదము. పెద్దలను వెంట తీసికొని వచ్చినచో మరియు మేలు. అరుంధతీయ వాడనుండి వచ్చువారికొరకు ప్రత్యేకముగా ఒక పూట కేటాయించితిమి; కపిల కుట్టిన చేతులు కొన్ని ఇంకను మన మధ్య నున్నవని విన్నాము.

చివరి పటము, 48వది, తలుపు ప్రక్కన నున్నది. వేప, గట్టు, రెండు రాళ్లు. దాని క్రింద కాగితము ఖాళీగానే అంటించితిమి. తిరుమంగలము పడమటి వైపు ఊళ్లవారు ఈ కూటమిలో పదిమందికి తక్కువ లేరు. పోవునప్పుడు ఒక్క నిమిషము దానియెదుట నిలువుడు. ప్రక్కన మేకునకు దారముతో పెన్సిలు కట్టియున్నది.

సెలవు.